కిమ్ వారి ఆడపడుచు

దుహో ఆ టాబ్లెట్ కొన్నాడు అనేకంటే, దుకాణంలో పిల్ల అంటగట్టింది అనడమే న్యాయం. ఫోనుకి కొత్త గాజు వేయించుకుందామని వెళ్ళిన మనిషి, అరగంట తిరక్కుండా అట్టపెట్టె చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

“ఇంట్లో ఎంతమంది సార్?” అని అడిగింది ఆ పిల్ల, తెర మీద ఏవేవో నొక్కుతూ.

“ఒక్కణ్ణే.”

“అయితే మీకిది భలే ఉంటుంది సార్. మీరు దీని వంక చూస్తున్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. మొహం తిప్పుకున్నారనుకోండి, కాసేపటికి అదే ఆరిపోతుంది. మనిషిని కనిపెట్టుకుని ఉంటుందన్నమాట.”

“పోనీలే, నన్ను కనిపెట్టుకుని ఉండటానికి ఇన్నాళ్ళకి ఒకళ్ళు దొరికారు,” అన్నాడు దుహో. పిల్ల కిసుక్కున నవ్వింది. తన మాటకి ఒకరు నవ్వి ఎన్నాళ్ళయిందో! అతనికే సిగ్గేసింది.

బుసాన్‌లో, యోంగ్దో కొండ మీద, సముద్రం వైపు కట్టిన పాత మేడల్లో ఎనిమిదో అంతస్తు చివరి ఇల్లు అతనిది. పగలంతా డ్రైవింగ్ స్కూల్లో పక్కసీట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ తప్పులకి బ్రేకు తొక్కడం ఉద్యోగం. సాయంత్రం అయ్యిందంటే మాత్రం ఇల్లు బావురుమనేది. పెళ్ళాం మీరన్ కడుపులో పుండుతో పోయి ఏడాది కావస్తోంది. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళు. పెళ్ళయినా ఆవిడ పిలుపు మారలేదు. “ఒరేయ్ దుహో, చెత్తబుట్ట ఎవడు తీస్తాడ్రా, మీ తాతా?” అనేది వంటగదిలోంచి. ఆకుకూర కడుగుతూ సీరియళ్ళు చూసుకోవడానికి ఇలాంటి టాబ్లెట్టే కావాలని కూడా అనేది.

ఆ రాత్రి దాన్ని తెరిచి కూర్చున్నాడు. కొత్త వస్తువు కదా, కొత్త కోడలికన్నా ఎక్కువ మర్యాదలు అడిగింది. కెమెరా వాడుకోనా? మైకు వాడుకోనా? మీ సామాన్లు నేనే తెప్పించనా? అందరూ చేసేదే దుహో కూడా చేశాడు. చదవకుండా ‘అనుమతించు’, ‘దాటవేయి’, ‘తర్వాత’ అని నొక్కుకుంటూ పోయాడు. సీరియళ్ళ యాప్ వచ్చింది. అంగడి యాప్ వచ్చింది. వీధి తలుపుకున్న కెమెరా కూడా అందులోకే వచ్చింది. తెరలో ఖాళీ వసారా, తలుపు తాళం మీద అంకెల పలక కనిపించాయి. ఆ తాళానికి ఒకప్పుడు తమ పెళ్ళి తేదీ పెట్టుకున్నారు. కర్మ అయిన మర్నాడు అతను ఆ అంకెలు నొక్కలేక వేరే అంకెలు పెట్టేసుకున్నాడు.

సంవత్సరీకం దగ్గర పడింది. దేగూ నించి అక్క ఇన్‌సూక్ ఫోను చేసింది. మోకాలి ఆపరేషను అయి మంచం దిగలేని మనిషి, అయినా నోటికి ఏ ఆపరేషనూ కాలేదు.

“ఒరే తమ్ముడూ, వంట నువ్వు చెయ్యకు, పోయినదాని మర్యాద కూడా పోతుంది. కొట్టువాళ్ళకి చెప్పు, పళ్ళేలతో సహా తెచ్చి పెడతారు. మరి పిలుపు చీటీ, అదే, పోయినవాళ్ళని అన్నానికి పిలిచే చీటీ, రాయడం వచ్చా?”

“అది రాసే చీనా అక్షరాలు నాకెక్కడేడ్చాయే?”

“దానికీ ఏదో యాపు ఉందిట. మా మరిది వాళ్ళు అదే పెట్టారు. అన్నం పెట్టేటప్పుడు వీధి తలుపు ఓరగా తీసుంచు, అది రావాలి కదా. అంతా అయ్యాక చీటీ కాల్చెయ్. అది కాలితేగానీ వచ్చినవాళ్ళు వెళ్ళరు. వింటున్నావా?”

“విన్నానే.”

యాపు దొరికింది. పోయినవారు మీకేమవుతారు? భార్య. పుట్టింటి వంశం? గిమ్హే ఊరి కిమ్ వారు. ఫోటో పెడతారా?

ఫోటో అనగానే దుహో చెయ్యి ఆగిపోయింది. ఉన్నది ఆసుపత్రికి వెళ్ళేముందు తీయించుకున్న ఫోటో. నల్ల రిబ్బను కట్టి మూడు రోజులు జనమంతా దండం పెట్టిన ఫోటో. దాన్ని బట్టలో చుట్టి బీరువా మీద పెట్టాక మళ్ళీ చూడలేదు. చూసే ధైర్యం లేదు. ‘దాటవేయి’ నొక్కాడు.

తెర మీద తెల్లటి చీటీ నిలువుగా లేచింది. నల్లటి అక్షరాలు. దాన్ని కాల్చడానికి అడుగున చిన్న బొత్తాం... ‘సాగనంపు’.

చలికాలం, ఆరు కొట్టకముందే చీకటి పడింది. బల్ల మీద పళ్ళూ, ఎండుచేపా, ముల్లంగి పులుసూ, వేడి అన్నం గిన్నే. వాటి వెనక టాబ్లెట్. వీధి తలుపు సందులో తన బూటు అడ్డం పెట్టాడు. వసారాలోంచి చలి పాదాల మీదుగా లోపలికి పాకింది. రెండుసార్లు సాష్టాంగపడి, అన్నంలో చెంచా నిలువుగా గుచ్చి, ఆవిణ్ణి తిననివ్వాలని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అగరు వాసన, నూనె వాసన. కింద రేవులో ఓడ ఒకటి మూలిగింది. “తిను మీరన్, మొహమాటపడకు,” అన్నాడు తనలో తను. అని ఏడ్చాడు.

రివాజు ప్రకారం దగ్గి, లోపలికొచ్చాడు.

టాబ్లెట్ వెలుగుతూనే ఉంది.

ఇంతసేపు గదిలో ఎవరూ లేరు. ఎప్పుడో ఆరిపోవాలి. దుహో గోడ వారగా, దాని చూపుకి అందకుండా నిలబడి చాలాసేపు కనిపెట్టాడు. ఆరలేదు. అతని ఒళ్ళు జలదరించింది. కానీ భయంతో కాదు. ఏడాదిగా బిగుసుకుపోయిన గుండె ఒక్కసారి వదులైంది.

“వచ్చావా?” అన్నాడు.

తెర మీద అక్షరాలు లేచాయి. సాగనంపమంటారా? ఇప్పుడే... తర్వాత.

ఇంటికొచ్చిన పెళ్ళాన్ని ఎవడు పొమ్మంటాడు? ‘తర్వాత’ నొక్కి, వీధి తలుపు మూసి వచ్చాడు.

మర్నాటి నించి అతనికి ఇల్లు ఇల్లులా అనిపించింది. పనికి వెళ్తూ సీరియల్ పెట్టి వెళ్ళేవాడు. అది రెండు భాగాలు నడిచాక ఆగి ‘ఇంకా చూస్తున్నారా?’ అని అడుగుతుంది. ఎవరో ఒకరు అవునని నొక్కితేనే ముందుకెళ్తుంది. సాయంత్రం వచ్చేసరికి తొమ్మిదో భాగం నడుస్తుండేది. దుహో నవ్వుకునేవాడు. రెండు కంచాలు పెట్టేవాడు. స్కూల్లో ఒక ముసలాయన బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కిన కథ చెప్పేవాడు. జవాబుండేది కాదు. అయితేనేం, వినేవాళ్ళున్నారు. రోజూ యాపు అడిగేది, సాగనంపమంటారా? రోజూ అతను తర్వాత అనేవాడు.

ఒకరోజు గుమ్మంలో పెట్టె ఉంది. అంగడి యాప్‌లో తెప్పించినదే, తన పేరు మీదే. విప్పితే ముక్కు పుటాలు అదిరిపోయాయి. ఘాటు కంపు కొట్టే, మాగబెట్టిన టేకుచేప! ఆ చేప అమ్మే వీధి వస్తే మీరన్ ముక్కు మూసుకుని, అతని చొక్కాలో తల దూర్చి నడిచేది. దుహో పెట్టె పట్టుకుని నిలబడిపోయాడు.

“పోయాక రుచులు మారతాయేమో,” అన్నాడు పైకే. ఎవరికి చెప్పాడో అతనికే తెలియదు. గుడ్డికన్నా మెల్ల మేలని సరిపెట్టుకున్నాడు. ఒంటరితనం మనిషి చేత ఎంతకైనా ఒప్పిస్తుంది. చేప కంచంలో పెట్టి బల్ల మీద ఉంచి స్నానానికి వెళ్ళాడు. వచ్చేసరికి ముల్లు కూడా లేదు.

ఏ చేప తిన్నా మీరన్ ముళ్ళు ఏరి కంచం అంచున పేర్చేది. ఆ సంగతి గుర్తొచ్చినా, రానట్టు ఊరుకున్నాడు.

తర్వాత గదిలో ఒక వాసన మొదలైంది. చాలా ఏళ్ళు మూసిన పెట్టెలో తడిబట్ట వాసన. టాబ్లెట్ గాజు మీద జిడ్డు వేలిముద్రలు పడేవి. తుడిస్తే మళ్ళీ పడేవి. అతని వేళ్ళకన్నా లావుపాటి ముద్రలు.

అప్పుడు ఇన్‌సూక్ ఫోను చేసింది.

“ఏరా, చప్పుడు లేదు! కార్యం బాగా జరిగిందా?”

“జరిగిందే. అది... వచ్చింది అక్కా. ఇక్కడే ఉంది.”

అక్క నవ్వలేదు. “చీటీ కాల్చావా?” అంది.

“కాల్చలేదు.”

“ఓరి నీ అఘాయిత్యం కూలా! దాని ఫోటో పెట్టావా, పోనీ?”

“చూడలేకపోయానే...”

అక్క గొంతు గుసగుసలోకి దిగింది. “ఒరేయ్ పిచ్చి సన్నాసీ. ఆడదానికి చీటీ మీద సొంత పేరు రాయర్రా. పుట్టింటి వంశమే రాస్తారు. గిమ్హే కిమ్ వారి ఆడపడుచు అని, అంతే. అందుకే పక్కన ఫోటో పెట్టేది. గిమ్హే కిమ్ వాళ్ళ ఆడపిల్లలు ఈ దేశంలో ఎంతమంది పోలేదు? మెతుకు వేసే దిక్కులేక తిరిగేవాళ్ళు ఎంతమంది లేరు? తలుపు తీసి అన్నం పెట్టుకుని కూర్చుంటే... నీ ఇంట్లో ఉన్నది మీరనేనని ఎవరు చెప్పార్రా నీకు?”

దుహో బల్ల వైపు తిరిగాడు. బల్ల మీద టాబ్లెట్ వెలుగుతోంది. సీరియల్ ఆగి ఉంది. అదీ... వింటున్నట్టుంది.

“ఇప్పుడే పంపించెయ్. నా మాట విను. ఇప్పుడే.” ఫోను ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తాళం కీచుమంది.

ఎవరో అంకెలు నొక్కుతున్నారు.

టాబ్లెట్ మూలన వసారా బొమ్మ దానంతటదే తెరుచుకుంది. వసారాలో ఎవరూ లేరు. దీపం కింద ఖాళీ గచ్చు. కానీ తాళం పలక మీద అంకెలు ఒకటొకటే వెలుగుతున్నాయి. మెల్లగా... వేలు నొప్పి పెడుతున్నట్టు...

నాలుగంకెలు. తప్పని చెప్పే చప్పుడు వచ్చింది.

మళ్ళీ మొదలు. ఈసారి దుహో ఆ అంకెలు చదివాడు.

పెళ్ళి తేదీ.

అవి ఒకప్పుడు ఆ తాళం అంకెలని తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకడు ఇంట్లో ఉన్నాడు. రెండోది... ఇన్నాళ్ళూ బయటే నిలబడి ఉందా? తన సంవత్సరీకం నాడు వచ్చి, తన అన్నం ఇంకెవరో తింటుంటే చూస్తూ, ఈ చలిలో...

“మీరన్!” అని లేవబోయాడు.

మెడ వెనక తడిబట్ట వాసన గుప్పుమంది. చెవి దగ్గర, చల్లగా...

“తియ్యకండీ...”

మీరన్ ఏనాడూ అతన్ని ‘అండీ’ అన్న పాపాన పోలేదు.

దుహో వెనక్కి చూడలేదు. చూస్తే ఇక కదల్లేనని తెలుసు. బల్ల మీద పడి టాబ్లెట్ లాక్కున్నాడు. చీటీ తెరిచాడు. వేలు జారింది. గాజంతా జిడ్డు. మళ్ళీ నొక్కాడు.

సాగనంపు.

తెర మీద చీటీ అడుగు అంటుకుంది. మంట అక్షరం తర్వాత అక్షరం తింటూ పైకి ఎక్కింది. తలుపు దగ్గర అంకెలు ఇంకా వెలుగుతున్నాయి. ఒకటి... రెండు... మూడు...

చీటీ కాలిపోయింది.

నాలుగో అంకె వెలగలేదు.

దుహో అలాగే చూస్తున్నాడు. నొక్కు... ఇంకొక్కటే కదే... నొక్కు... పలక ఆరిపోయింది. వసారాలో ఇక ఏ కదలికా లేదు.

అతని వెనక తడిబట్ట వాసన మాత్రం అలాగే ఉంది.

అప్పుడు తెలిసింది అతనికి. చీటీ మీద ఉన్నది గిమ్హే కిమ్ వారి ఆడపడుచు అనే. లోపల కూర్చున్నది గిమ్హే కిమ్ వారి ఆడపడుచే. బయట నిలబడ్డదీ గిమ్హే కిమ్ వారి ఆడపడుచే. ఆ మాటకి ఎవరైనా వెళ్ళాలి. నమ్మకంగా పిలుపు విన్నది, పొమ్మంటే నొచ్చుకుని పోయేది, ఆ ఇద్దరిలో ఎవరు?

“అయ్యో... నిన్ను కాదే... నిన్ను కాదు!”

పడుతూ లేస్తూ వెళ్ళి తలుపు బార్లా తీశాడు. వసారా ఈ చివర నించి ఆ చివరి దాకా ఖాళీ. తాళం పలక తాకి చూశాడు. మంచులా చల్లగా ఉంది. లిఫ్టు కిందికి దిగుతున్న చప్పుడు. భుజంతో తలుపు ఆపి పట్టుకుని, మెడ సాచి, ఏడాదిలో మొదటిసారి ఆ పేరు మేడంతా వినేలా గొంతెత్తి పిలిచాడు.

“మీరన్! ఒసేయ్ మీరన్! వెనక్కి రావే!”

చిన్నపిల్లాడిలా ఏడుస్తూ పిలిచాడు. పక్కింటివాళ్ళు టీవీ చప్పుడు తగ్గించారు, కానీ ఎవరూ బయటికి రాలేదు. అతని మోకాళ్ళని రాసుకుంటూ చల్లగాలి విసురు విసురుగా లోపలికి పోతూనే ఉంది. అతను దాన్ని గాలే అనుకున్నాడు. లిఫ్టు అడుక్కి చేరి ఆగింది. పైకి మళ్ళీ రాలేదు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

గుమ్మం లోపల, చెప్పులు విడిచే చోట, సాయంత్రం తను విడిచిన బూట్లు ఒక్క జతే ఉండాలి.

గచ్చు నిండా ఆడవాళ్ళ చెప్పులు. రబ్బరువీ, ఆసుపత్రివీ, ఎప్పుడో పాతకాలపువీ... తడివి కొన్ని, మట్టివి కొన్ని. అన్నిటి మొనలూ ఇంటి లోపలికే తిరిగి ఉన్నాయి.

అతని కాలి దగ్గరున్న జతలో ఒక చెప్పు, ఎవరో ఇప్పుడే విడిచినట్టు, ఇంకా పక్కకి ఒరుగుతోంది.