చూరులోని గ్లాసు

దేవుని గది తలుపు తీసి దీపానికి చెయ్యి చాపిన అమృతమ్మ అక్కడే కొయ్యబారిపోయింది: పటాల ముందు, నిండా నీళ్లతో, చచ్చిపోయిన ఎల్లయ్య సత్తు గ్లాసు ఉంది.

ఆ గ్లాసు ఏనాడూ గడప దాటి లోపలికి వచ్చింది కాదు. పశువుల కొట్టం చూరులో చెక్కి ఉండేది. హరిజనవాడ నుంచి వచ్చి ముప్పొద్దులా ఆ ఇంట్లో చాకిరీ చేసిన ఎల్లయ్య, దాహమైతే తానే దాన్ని తీసుకుని నిలబడేవాడు. ఇంట్లోవాళ్లు తగలకుండా పైనుంచి నీళ్లు పోసేవారు. తాగి, కడిగి, మళ్లీ చూరులోనే చెక్కేవాడు. పోయిన వారం మనూర్ దారిలోని చేన్లో అతను కుప్పకూలితే, అమృతమ్మ భర్త జగన్నాథే బండి కట్టించి ఖేడ్ దవాఖానకు తీసుకుపోయాడు. సాయంత్రానికి శవంతో తిరిగొచ్చాడు.

వెనకాలే వచ్చిన అత్త హన్మమ్మ చేతిలోని పూలు జారి కిందపడ్డాయి.

"బోరంచ పోచమ్మ తల్లీ! ఎల్లిగాని గిలాస దేవుని కాడికా! ఎవలే, ఎవలు వెట్టిన్రే దీన్ని?"

వసారాలో పుష్ప ప్రసంగం అప్పజెప్పుకుంటోంది. పదో తరగతి పిల్ల. రేపు సంగారెడ్డిలో వక్తృత్వ పోటీ. విషయం, అమెరికాలోనూ మన దేశంలోనూ పౌరహక్కుల పోరాటం. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే జగన్నాథే కూతురికి దగ్గర కూచుని రాసిచ్చాడు. ఆ పిల్ల గొంతు వినగానే హన్మమ్మకు దొంగ దొరికిపోయింది.

"ఇంకెవలు? గీ లెక్చరమ్మనే! ఇటు రావే!"

పుష్ప వచ్చి చూసింది. గ్లాసు కనబడగానే గడపలోనే ఆగిపోయింది.

"నేను కాదవ్వా."

"కాదా? నిన్న మీ నాయినతోటి చూరు ముచ్చట దీసి కొట్లాడితివి గద! నా చెవులు పోలేదే ఇంకా."

కొట్లాట కాదు. అమృతమ్మ వంటింట్లోంచి అంతా విన్నది. అమెరికాలో తాగే నీళ్ల నల్లాల మీద కూడా తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి అని బోర్డులు పెట్టారని, మనం మాత్రం వాళ్లకంటే ముందే అంటరానితనం కూడదని రాజ్యాంగంలో రాసుకున్నామని జగన్నాథ్ గొప్పగా చదివించాడు. పుష్ప మధ్యలో ఆగింది. "వాళ్లకు బోర్డు ఉండె, పీకేసిన్రు. మన చూరుకు బోర్డేది నాయినా, పీకనీకి?" అని అడిగింది. వాదనంటే చెవి కోసుకునే మనిషి, తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు.

"ఇల్లంత మైలజేసినవ్" అంటూ హన్మమ్మ మనవరాలి జబ్బ పట్టుకుంది. "సంగారెడ్డి లేదు, గింగారెడ్డి లేదు. ఇగ బడి బందు! అమృతమ్మా, నీ తమ్మునికి కబురంపు. మాఘంల లగ్గం జేసి పారేద్దాం."

"బడి బంద్ జేస్తవా?" పుష్ప అవ్వ వైపు తిరిగింది. "నేనే పెట్టేదాన్నైతే, ఎల్లయ్య తాత బతికున్నప్పుడే మన గిలాసల నీళ్లిచ్చేదాన్ని. ఇయ్యలే. అందరి లెక్కనే నేను గూడ మీదికెల్లి పోసిన. ఇప్పుడు దేవుని కాడ పెడితే ఎవలు తాగుతరవ్వా?"

హన్మమ్మ చెయ్యెత్తింది. అమృతమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పెళ్లై వచ్చాక అత్తను ఆమె ఆపడం అదే మొదలు.

"ఆగు అత్తమ్మా. పిల్ల కాదు."

"నీకెట్ల ఎరుక?"

"కొట్టం చూరు దానికి అందుతదా? నీకందదు, నాకందదు."

ఆ చూరు అందుకునే పొడుగు ఇంట్లో ఇద్దరికే ఉండేది. వారిలో ఒకడు మట్టిలో కలిశాడు. అమృతమ్మ వంగి గ్లాసులోకి చూసింది. నీళ్ల మీద తులసాకు తేలుతోంది. పోయే ప్రాణానికి నోట్లో పోసే తులసి నీళ్లు. ఆమె తల తిప్పేసరికి తడి బట్టలతో జగన్నాథ్ గడపలో నిలబడి ఉన్నాడు.

"పిల్లను ఇడువు అమ్మా. నేనే పెట్టిన."

"నువ్వా? నీకేం పుట్టిందిరా?" హన్మమ్మ చెయ్యి దానంతటదే వదులైంది.

జగన్నాథ్ అక్కడే కూలబడ్డాడు.

"దవాఖానల కండ్లు దెర్సి, 'చిన్న పటేలా, గొంతెండుతుంది, గిన్ని నీళ్లు పొయ్యి' అన్నడు. మనింటి చెంబు నా పక్కకే ఉండె. చెయ్యి చాపిన. గా చెంబుతోటి ఎట్ల తాపుదు అనుకున్న... చెయ్యి ఎనకకు అచ్చింది. నేను గుంజుకోలే అమృతా, అదే అచ్చింది. హోటల్ల వాళ్లకని వేరే పెట్టిన గిలాస తెద్దామని రోడ్డు మీదికి ఉరికిన. తెచ్చేటాల్లకు నోరు తెర్సుకునే పోయిండు. చిన్నప్పుడు వాగొస్తే నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తోల్కపోయిండు. గా భుజాలెక్కితే నాకు మైల అంటలే. చెంబుకే అంటుతదనుకున్న. బిడ్డా, అమెరికోల్ల తప్పులన్నీ నీకు రాసిచ్చిన గద, ఇది రాయలే. రేపు పోయి చెప్పు, గిది జేసింది మా నాయిననే అని చెప్పు. వాడు నీళ్లడిగిండు. చెంబు నిండ ఉండె... నిండ ఉండె బిడ్డా."