అమ్మ అభ్యంతరం చెప్పలేదు

ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు పొద్దున ఆ ఇంట్లో కుక్కర్ కూత తప్ప మరో చప్పుడు లేదు. వార్డు ఎన్నికలో ఓడిన కొడుకు వరండాలో మంచం మీద ముసుగుతన్ని పడుకున్నాడు. తల్లి మాత్రం ఆ పక్కనే కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరి పిల్లాడిదో బడి చొక్కాకి బొత్తాలు కుడుతోంది. ఆమెను వార్డంతా టైలరమ్మ అనే పిలుస్తుంది. పార్టీ జెండాలు కొడుకు పుట్టకముందు నుంచీ ఆమె మిషన్ మీదే తయారవుతున్నాయి.

కోడలు టీ కప్పు ఠక్కున పెట్టింది. "అంత పని చేసి ఎలా కుట్టగలుగుతున్నారు అత్తయ్యా?"

ఆ పనేమిటంటే, పోలింగ్ రోజున కొడుకు తరఫు ఏజెంటుగా బూత్‌లో కూర్చుంది టైలరమ్మే. వరదకి ఇళ్లు కూలి, వెనక సందువాళ్లంతా రేకుల షెడ్లలో ఉంటున్నారు. వాళ్లెప్పుడూ అవతలి పార్టీకే వేస్తారు. వాళ్లలో ఎవరొచ్చినా 'ఈ మనిషి కాదు' అని అభ్యంతరం చెప్పాలని, విచారణలు సాగితే క్యూలో విసిగిపోయి ఇంటికి పోతారని పార్టీ ఆదేశం.

ఆమె ఒక్కరికీ అభ్యంతరం చెప్పలేదు. పైగా జబ్బుచేసి బుగ్గలు పీక్కుపోయిన ఆ సందు పాలాయన్ని చూసి అధికారి అనుమానపడితే, తనే లేచి నిలబడింది. "ఆ భుజాలు నేను కొలిచినవే. ఎడమది కాస్త దిగి ఉంటుంది. ముమ్మాటికీ ఆయనే" అంది.

కొడుకు ముసుగు తీశాడు. "వాళ్లు మనకెప్పుడైనా వేశారామ్మా?"

"వెయ్యలేదు. ఇకముందూ వెయ్యరు, మొండి ఘటాలు."

"మరి కన్నకొడుకు కంటే వాళ్లెక్కువా?"

"పార్టీ కోసం ఊరంతా తిరగమను, తిరుగుతాను. ఎదురుగా నిలబడ్డ మనిషిని నువ్వు నువ్వు కాదని ఎలా అనగలనురా? ఇల్లు పోయినవాళ్ల ఓటు కూడా లాక్కోవడానికి నాకు నోరు రాలేదు." కొడుకు ఓటమి ఆమెకి మాత్రం నొప్పి కాదా?

అంతలో పార్టీ పెద్దాయన ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "ఎన్నిక రద్దు చేయించే దారుందయ్యా. సందువాళ్లు బెదిరిస్తే భయపడి నోరెత్తలేదని అమ్మగారు ఒక్క మాట చెబితే చాలు. చెప్పకపోతే, వచ్చేసారి నీ టికెట్ సంగతి నన్నడక్కు."

కోడలు ఆశగా భర్త వైపు చూసింది. బొత్తాం కుడుతున్న సూది ఆగింది. తల్లి ఏదో అనబోయింది గానీ కొడుకే ముందు లేచాడు.

"మా అమ్మ భయపడిందంటే ఈ వార్డులో చిన్నపిల్లలు కూడా నవ్వుతారండీ. నేను ఆ బూత్ గుమ్మం దగ్గరే ఉన్నాను. ఎవరూ బెదిరించలేదు. జనం నాకు వెయ్యలేదు, ఓడిపోయాను."

"పార్టీకి ఎదురు తిరుగుతున్నావా?"

"పార్టీ నాదేనండీ. అందుకే దాని పేరుతో ఈ అబద్ధం చెప్పించను."

పెద్దాయన విసురుగా వెళ్లిపోయాడు. టైలరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"టికెట్ పోయిందిరా."

"పోతే పోయిందిలే. ఇందాక నిన్ను ఎంతెంత మాటలన్నానో!" అంటూ ఆమె పక్కన చతికిలబడ్డాడు. కోడలు చల్లారిన టీ తీసుకెళ్లి, వేడిచేసి తెచ్చింది. అత్తయ్య చేతికే ఇచ్చింది.

అప్పుడే ఊరినుంచి వచ్చి, ఫలితం ఇంకా తెలియని పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఏమైందండీ, అబ్బాయి గెలిచాడా?"

టైలరమ్మ తల ఎత్తి, నాలుగిళ్లకి వినపడేలా చెప్పింది.

"మా వాడు ఓడిపోయాడమ్మా!"

ఆ గొంతులో గర్వానికి పక్కింటావిడ అయోమయంలో పడిపోయింది.