పలుకుపళ్ళెంలో గుసగుసాసురుడు

రత్నగిరిని ఏలే కీర్తిధవళ మహారాజుకు గొప్పలంటే ప్రాణం. ఆ గొప్ప కోసమే తన కూతురికీ, రాజ్యంలోని గురుకులాల్లో చదివే పిల్లలందరికీ తలా ఒక పలుకుపళ్ళెం పంచిపెట్టాడు. అది మంత్రించిన కంచుపళ్ళెం. నీళ్ళు పోసి పిలిస్తే చాలు, ఏ దూరదేశపు పిల్లలైనా అందులో కనబడి కబుర్లు చెబుతారు. పిల్లలకు పండగే! అయితే ఆ నీటిలోంచి పిల్లలు కానివాళ్ళు కూడా తొంగిచూడగలరన్న ఆలోచన రాజుకు రాలేదు, మంత్రులకు రాలేదు, రాజధాని గురుకులాన్ని నడిపే ఆచార్య భద్రదత్తుడికి అసలే రాలేదు. "ఆటవస్తువులు! నాకెందుకు?" అని ఆయన ఒక్కనాడూ పళ్ళెంలోకి చూసిన పాపాన పోలేదు. పెద్దలు తెలుసుకోనిదానికి పిల్లలు శిక్ష అనుభవించడం ఏ లోకపు న్యాయమో మీరే చెప్పండి!

గుసగుసాసురుడనే రాక్షసుడు పసిపిల్లవాడి ముఖం తగిలించుకుని ఆ పళ్ళేల్లోకి దూరాడు. ముందు పేరు అడిగేవాడు. తర్వాత ఇంటి సంగతులు అడిగేవాడు. "మనం నేస్తాలం కదా, నీ నీడ ఒక్కసారి ఈ నీటిమీద పడనీ" అనేవాడు. పడగానే దాన్ని గుప్పిట పట్టి, "ఎవరితోనైనా చెప్పావో, నీ నీడను దేశదేశాల పళ్ళేల్లో ఆడించి నవ్వులపాలు చేస్తాను" అని బెదిరించేవాడు. నీడ పోయిన బిడ్డకు కొద్దిరోజుల్లో మాట పడిపోయేది. ఆపైన ఒళ్ళు పలచబడుతూ పోయేది.

చెంగల్వ అనే చిన్నారి అలాగే వాడి వలలో పడింది. ఇంకా మాట ఉండగానే ధైర్యం చేసి ఆచార్యుడి దగ్గరకు వెళ్ళి, "ఆచార్యా, నా పళ్ళెంలో ఒకడు..." అని మొదలుపెట్టింది. ఆ గురుకులంలో ఒక పాత ఆనవాయితీ ఉంది. ఏ వస్తువుతో తప్పు జరిగితే ఆ వస్తువునే మెడకు కట్టి వాకిట నిలబెడతారు. కుండ పగలగొట్టినవాడి మెడలో పెంకు, ఘంటం విరగ్గొట్టినవాడి మెడలో ఘంటం. "పళ్ళెంతో తంటా తెచ్చుకున్నావన్నమాట!" అని ఆచార్యుడు మిగతా మాట వినకుండానే పళ్ళెం ఆ పిల్ల మెడకు కట్టించాడు. గోరుచుట్టుమీద రోకటిపోటు! వాకిట నిలబడి ఉండగానే చెంగల్వకు మాట పడిపోయింది. అది చూసిన పిల్లల్లో ఇంకెవరు నోరు విప్పుతారు?

చెంగల్వ అక్క వకుళ అదే గురుకులంలో కత్తిసాము నేర్చుకుంటోంది. చెల్లెలు ఇసుకలో రాసి చూపిన సంగతి చదవగానే అగ్గిమీద గుగ్గిలమై వచ్చింది.

"అమ్మాయీ, అరవకు. నలుగురికీ తెలిస్తే గురుకులం పరువేం కావాలి?" అన్నాడు భద్రదత్తుడు.

"నా చెల్లెలు కరిగిపోతోంది. మీకు పరువు గుర్తొచ్చిందా?" అంది వకుళ.

ఇది ముళ్ళడవిలోని గుసగుసాసురుడి పనేనని, పౌర్ణమిలోగా నీడ తిరిగిరాకపోతే పిల్ల పూర్తిగా మాయమవుతుందని రాజవైద్యుడు తేల్చాడు. అప్పుడు, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, రాక్షసుణ్ణి అణచినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. వకుళ ఆ చాటింపు పూర్తిగా వినను కూడా లేదు. కత్తి తీసుకుని అడవిదారి పట్టింది.

ముళ్ళడవి మొదట్లో ఒక తాపసి అవ్వ కుంకుళ్ళు ఏరుకుంటోంది. వకుళ దండం పెట్టి గుసగుసాసురుడి గుహకు దారి అడిగింది.

"దారికేంలే తల్లీ, ఈ వాగు వెంబడే పో. కానీ వాడు కత్తికి లొంగే రకం కాదు. ఒక్క మాట గుర్తుంచుకో. ఎవరైనా నిన్ను 'ఎవరితోనూ చెప్పకు' అన్నారనుకో, అదే అందరితో చెప్పాల్సిన మాట. గొంతెత్తి కేకపెట్టు" అంది అవ్వ.

వాగు దాటగానే ఒక జింకపిల్ల ఎదురైంది. పెద్ద పెద్ద కళ్ళతో, "అక్కా, అలిసిపోయావా? నీ పేరేంటి? ఇంట్లో ఎవరెవరున్నారు? నాకు దగ్గరదారి తెలుసు. నాతో రా, ఎవరితోనూ చెప్పకు" అంది. వకుళకు ముచ్చటేసి పేరు చెప్పబోయింది. అంతలో ఆ చివరిమాట చెవిలో ముల్లులా గుచ్చుకుంది. "అవ్వా! ఇక్కడొకటి నన్ను ఎవరితోనూ చెప్పొద్దంటోంది!" అని అడవి మారుమోగేలా అరిచింది. జింక చర్మం చిరిగిపోయి లోపల దాక్కున్న పిశాచం, గుసగుసాసురుడి బంటు, కుయ్యోమంటూ పొదల్లోకి పారిపోయింది.

గుహలో దండేలమీద ఆరేసిన గుడ్డల్లా పిల్లల నీడలు వేలాడుతున్నాయి. చెంగల్వ నీడను చూడగానే వకుళకు కళ్ళు మండాయి. కత్తి దూసి రాక్షసుడి మీదకు దూకింది. కత్తి వాడి ఒంట్లోంచి గాలిలోంచి పోయినట్టు పోయింది. వాడు పగలబడి నవ్వాడు.

"ఓసి పిచ్చిపిల్లా! నా ప్రాణం ఏ సముద్రాల అవతలో, ఏ చిలకలోనో ఉందనుకున్నావా? మీ గురుకులంలోనే ఉంది! బిడ్డ భయంతో వచ్చి చెబితే నోరు మూయిస్తారే, ఆ నోరు మూయించడంలో ఉంది. అక్కడి పెద్దలంతా ఒక్కమాట మీద నిలబడి, కోప్పడకుండా విన్ననాడే నా గుప్పిట సడలుతుంది. ఒక్కడు కసిరినా ఆ సందు నాకు చాలు. మీవాళ్ళు వింటారా? ఆ ఆచార్యుడు వింటాడా?"

వాడి నవ్వు కంటే ఆ మాటల్లో ఉన్న నిజం వకుళను ఎక్కువగా మండించింది. ఆ మంటతోనే వెనక్కి పరుగెత్తింది.

రాక్షసుడి ప్రాణం గుట్టు చెప్పి, గురుకులం ముంగిట గురువులను, వంటవాళ్ళను, కాపలావాళ్ళను అందరినీ కూర్చోబెట్టింది. ఒక్కొక్కరి ముందు ఒక పలుకుపళ్ళెం పెట్టించింది. అందులోకి ఎలా పిలవాలో, వచ్చిన ముఖం వెనక ఇంకో ముఖం ఎలా దాక్కుంటుందో పిల్లలే పెద్దలకు చూపించారు.

"నేను వ్యాకరణం చెప్పేవాణ్ణి. నాకెందుకమ్మా ఇదంతా?" అని ఒక గురువు సణిగాడు.

"ఏ పిల్ల ఎవరితో చెప్పుకుంటుందో మనకేం తెలుసయ్యా? నాతోనే చెప్పొచ్చు, నీతోనే చెప్పొచ్చు. కూచో!" అని వంటశాల పెద్ద కనకాంబ కసిరింది.

భద్రదత్తుడు మాత్రం గడప దాటలేదు. వకుళ చెల్లెల్ని నడిపించుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది. చెంగల్వ చేతిలోంచి వెనకాల గోడ కనబడుతోంది. ఆచార్యుడు తలవంచుకుని వచ్చి అందరితోపాటు నేలమీద కూర్చున్నాడు.

ఇకమీదట చెప్పుకున్న బిడ్డకు శిక్ష లేదని, విన్నవారు దాచకుండా మిగతా పెద్దలకు చెప్పి, ఆ పళ్ళెం ఒలికించి, రాజభటులను పిలవాలని అందరూ ఒట్టు పెట్టుకున్నారు. కానీ ఒట్లు పిల్లలు చాలానే చూశారు. ఒకరి వెనక ఒకరు నక్కారు.

చివరికి కేతకి అనే పిల్ల లేచి నిలబడింది. "ఆచార్యా... నిన్న నా పళ్ళెంలో ఒకడు నా నీడ అడిగాడు. నేను... ఇచ్చేశాను."

అలవాటుకొద్దీ ఆచార్యుడి చెయ్యి తన నడుముకు వేలాడే శిక్షతాడు మీదకు పోయింది.  ఆయన తన చేతివంక తానే చూసుకున్నాడు. తాడును ముంగిట మండుతున్న పొయ్యిలోకి విసిరేశాడు. "భయపడకు తల్లీ. తప్పు నీది కాదు. పూర్తిగా చెప్పు, వింటాను" అన్నాడు.

పళ్ళేల్లో నీళ్ళు కుతకుత ఉడికాయి. రాక్షసుడి పెడబొబ్బ వినబడింది. నీడలు పిట్టల్లా ఎగిరివచ్చి తమ తమ పిల్లల పాదాల దగ్గర వాలాయి. వకుళ చెల్లెల్ని గుండెకు హత్తుకుంది. చెంగల్వకు మాట వచ్చింది. ఆ పిల్ల మొదట మాట్లాడింది అక్కతో కాదు.

"ఈ మాట ఆనాడు నాతో ఎందుకనలేదు, ఆచార్యా?"

 అంతటి పండితుడూ ఆ చిన్నపిల్ల ముందు చేతులు జోడించి, "క్షమించు తల్లీ" అన్నాడు.

కీర్తిధవళుడు నిండుసభలో అర్ధరాజ్యం ఇవ్వబోతే వకుళ వద్దంది. "వాడు మా గురుకులం నుంచి మాత్రమే పోయాడు, మహారాజా. ప్రతి గురుకులంలోనూ పెద్దలందరినీ కూర్చోబెట్టి నేర్పే అధికారం నాకివ్వండి. మొదట మీ అంతఃపురంలోనే" అంది.

"మా అంతఃపురంలోనా? మా అమ్మాయికి ఆ అవసరమేముంది!" అని రాజు నవ్వాడు.

సింహాసనం పక్కనున్న చిన్న రాకుమారి హిమబిందు నవ్వలేదు. "నాన్నగారూ, నాకూ పళ్ళెంలో ఒక నేస్తం ఉన్నాడు. ఎవరితోనూ చెప్పొద్దన్నాడు" అంది.

సభంతా రాజు ముఖంలోకి చూసింది. కీర్తిధవళుడు కిరీటం తీసి పక్కన పెట్టాడు. సింహాసనం దిగి కూతురి ముందు నేలమీద కూర్చుని, "చెప్పమ్మా, వింటున్నాను" అన్నాడు.