చెప్పినవారి పేరు

"ఆ బటన్ మీద చెయ్యి వెయ్యకు," అంది రుతుజ.

మంగేష్ వేలు మౌస్ మీదే ఆగిపోయింది. అతను ఆ ఇంటికి వచ్చి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

"నేనింకా ఏం నొక్కలే. ఏ వెర్షన్ ఉందో చూస్తున్న, బస్," అన్నాడు.

"పోయినసారి వచ్చినాయన గూడ గట్లనే అన్నడు."

ముంబై కామాటిపుర పదకొండో గల్లీలో, పాత చాల్ భవనం రెండో అంతస్తులో ఒక ఖోలీ, ఒంటిగది ఇల్లు అది. కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద కంప్యూటర్. మంచం మీద రుతుజ నాన్న శంకర్రావు మరాఠీ పేపర్ చదువుకుంటున్నాడు. కొత్తగా వచ్చిన కుర్రాణ్ని కూతురు కసురుతుంటే, పేపర్ పైనుంచి ఒకసారి చూసి మళ్లీ చదువులో పడ్డాడు.

రుతుజ నాగ్‌పాడాలో ఒక ల్యాబ్‌లో రక్తం శాంపిళ్లు తీస్తుంది. ఆ పని అయ్యాక ఆమెది ఇంకో పని. ఆరేళ్లుగా 'కామాటి మాట' అని ఒక బ్లాగు నడుపుతోంది. ఇళ్లు కట్టే కూలికి పాలమూరు నుంచి ముంబై వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ల నోట్లో మిగిలిన మాటలు, ఒక్కొక్కటీ అడిగి రాసి పెడుతుంది. పేజీలన్నీ తను అద్దెకు తీసుకున్న సర్వర్ మీద, ఉచితంగా దొరికే ఒక బ్లాగు సాఫ్ట్‌వేర్‌తో నడుస్తాయి.

రెండేళ్ల కిందట ఎవరో కంప్యూటర్ షాపాయన వచ్చి, దేని కాపీ కూడా తీయకుండా అప్‌డేట్ నొక్కాడు. నలభై ఒక్క మాటలు పోయాయి. వాటిలో కొన్ని చెప్పిన ఇద్దరు ముసలమ్మలు అప్పటికే చనిపోయారు. మళ్లీ అడుగుదామంటే మనుషులు లేరు. ఆ రోజు నుంచి రుతుజ ఏ అప్‌డేట్‌నీ దగ్గరికి రానివ్వలేదు.

ఇప్పుడు తప్పేలా లేదు. సర్వర్ వాళ్లు మెయిల్ పంపారు. నెలాఖరుకి బ్లాగును నడిపించే పాత పీహెచ్‌పీ తీసేస్తారట. అది పోతే ఆమె పాత సాఫ్ట్‌వేర్ నడవదు. ల్యాబ్‌లో తోటి ఉద్యోగి కోమల్, "మా కజిన్ మంగేష్ కంపెనీల సర్వర్లు చూస్తడు, పంపిస్త," అంది. అలా వచ్చాడు ఇతను.

"చూడు," అన్నాడు మంగేష్ మౌస్ వదిలేసి. "గిట్ అని ఒకటుంది, ఫైళ్లు ఎప్పుడు ఎట్లున్నయో గుర్తు పెట్టుకుంటది. ముందు ఇప్పుడున్న ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు అందుల ఎక్కిస్త. తర్వాత పక్కన ఒక కొమ్మ, అంటే వేరే కాపీ తీసి, కొత్త వెర్షన్‌ను అక్కడ కలుపుత, నా ల్యాప్‌టాప్‌ల. నీ అసలు సైట్‌ను ముట్టను. ఎవరు ఏం చెడగొట్టినా ఈ రోజుకు వాపస్ రావొచ్చు."

"ఎవరు చెడగొడ్తరు?"

"నేనే. ఇంకెవరున్నరు?"

రుతుజకి నవ్వు వచ్చింది. దాచుకుంది.

"నేను రాసిన మాటలను గూడ గిట్ పెట్టుకుంటదా?"

మంగేష్ తల అడ్డంగా ఊపాడు. "లేదు. గిట్‌ల ఉండేది సాఫ్ట్‌వేర్ ఫైళ్లు. నీ మాటలన్నీ డేటాబేస్‌ల ఉన్నయ్. దాని కాపీ వేరే తియ్యాలె. తీసి ఊకే పెడితే చాలదు, ఇంకోకాడ తెరిచి చూడాలె, బరోబర్ వచ్చిందా లేదా అని."

పోయినసారి షాపాయన "అన్నీ సేఫ్ మేడమ్" అన్నాడు. ఇతను మొదటి ప్రశ్నకే 'లేదు' అన్నాడు. రుతుజ కుర్చీ లాక్కొని అతని పక్కన కూర్చుంది.

తర్వాతి ఆదివారం కూడా వచ్చాడు. ఏ మార్పు చేసినా, ఏం చేశాడో ఒక లైన్ ఇంగ్లిష్‌లో రాసి గిట్‌లో ఎక్కించేవాడు. రుతుజ వంచిన మెడ ఎత్తకుండా చదివేది.

"ఇది చూడు, ఈ మాట మస్తుగుంది," అని ఒకసారి పేజీ చూపించింది.

మంగేష్ ఆ అక్షరాల వైపు చూసి మళ్లీ తన పని వైపు తిరిగాడు.

"నీకు చదవనీకి రాదా?"

"ఇంట్ల తెలుగే మాట్లాడ్తం. స్కూల్ మరాఠీ. ఎవరు నేర్పలే."

"సుట్టబట్ట అని ఉంది. తల మీద తట్ట కింద పెట్టుకునే బట్ట. పేరుకు తెలుగోడివి, ఈ పేజీలల్ల ఏమున్నదో తెల్వకుండనే మరమ్మతు చేస్తున్నవ్."

"డాక్టర్లు గూడ అంతే గదా. పేషెంట్ పేరు చదవరు, రిపోర్టే చదువుతరు."

"మా ల్యాబ్‌ల పేరే ముందు చదవాలె. పేరు తప్పితే రిపోర్ట్ ఎవరికి?"

 వాదంలో ఓడిపోయినా ఆ రోజు మెట్లు దిగేటప్పుడు ఈల వేసుకుంటూ దిగాడు.

మూడో ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి గర్వంగా తెరిచాడు. కొత్త వెర్షన్ మీద బ్లాగు గబగబా తెరుచుకుంటోంది. అదే గల్లీలో ఉండే వెంకటమ్మ అవ్వ కూడా చూడ్డానికి వచ్చి గుమ్మంలో కూర్చుంది. రుతుజ ఒక పేజీ చూసింది, రెండోది చూసింది. మూడో దాని దగ్గర ఆగింది.

"పేర్లేవి?"

"ఏ పేర్లు?"

"కింద ఉండాలె. 'చెప్పినవారు: వెంకటమ్మ' అని. ప్రతి మాట కింద ఉండేది."

మంగేష్ గుర్తు చేసుకుని చెప్పాడు. కొత్త వెర్షన్ కలుపుతున్నప్పుడు ఒక ఫైల్ దగ్గర గిట్ ఆగిపోయింది. పాతదాంట్లో ఒక లైన్, కొత్తదాంట్లో ఇంకో లైన్. ఏది ఉంచాలో నువ్వే చెప్పమంది. పాత లైన్‌లో ఏవో తెలుగు అక్షరాలు ఉన్నాయి.

"బ్లాగు మొదలువెట్టినప్పుడు మా అన్న అతుల్ పెట్టిండు ఆ లైన్," అంది రుతుజ.

"ఫాల్తూ లైన్ అనుకున్న. తీసేసి కొత్తది ఉంచిన."

"నన్నెందుకు అడగలే?"

 రుతుజ గొంతు పెంచకుండానే మాట్లాడింది. "ఈ అవ్వ, వాళ్లమ్మ, ఈ ఊర్ల ఎన్ని బిల్డింగులకు ఇటుకలు మోసిన్రో లెక్కలేదు. ఏ గోడ మీదా వాళ్ల పేరు లేదు. ఉన్నది ఈ ఒక్కకాడ. అది నీకు ఫాల్తూ అనిపించింది."

"పోనీ తియ్యి బిడ్డా, చూడక పోయింది," అంది వెంకటమ్మ.

రుతుజ ల్యాప్‌టాప్ మూసి అతని చేతికిచ్చింది. "ఇగ రాకు. నేను ఇంకెవరినన్న చూసుకుంట."

ఇది టెస్ట్ కాపీనే, అసలు సైట్‌లో పేర్లు అలాగే ఉన్నాయి, పాత లైన్ గిట్‌లో భద్రంగా ఉంది. ఇవన్నీ చెప్పొచ్చు. మెట్లు దిగుతూ మంగేష్ అవన్నీ మనసులో చెప్పుకున్నాడు కూడా. కానీ ఆమె అడిగింది లైన్ ఎక్కడుందని కాదు, ఎందుకు అడగలేదని.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ నేరుగా వెంకటమ్మ ఖోలీకి వెళ్లాడు.

"అవ్వా, నాకు తెలుగు నేర్పుతవా?"

"నాకేడ చదువొస్తది బిడ్డా," అని నవ్వింది ఆమె. "నా పేరొక్కటి రాయొస్తది. రుతుజనే నేర్పింది."

"అదే నేర్పు."

వెంకటమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, పాత క్యాలెండర్ వెనకవైపు తన పేరు రాసింది.  అక్షరాలు ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడ్డాయి. మంగేష్ దాని కింద పదిసార్లు రాశాడు. ఆఖరిది చూసి ఆమె, "మా వొత్తు మర్చినవ్, అట్లైతే అది నేను కాదు," అని దిద్దించింది.

ఫోన్ తీసి అసలు సైట్ తెరిచాడు. పేజీ అడుగున ఆ పేరు కనిపించింది. తనంతట తనే చదివాడు. మూడు ఆదివారాలుగా ఆ పేజీలు చూస్తున్నాడు, వాటిలో ఒక మనిషి కనిపించడం అదే మొదలు. మిగతా అక్షరాల కోసం ఫోన్‌లో ఓనమాల చార్ట్ పెట్టుకున్నాడు. లోకల్ ట్రైన్‌లో పక్కనున్న పెద్దమనిషి అతన్ని ఒక వింతలా చూశాడు.

శుక్రవారం సాయంత్రం రుతుజకి మెసేజ్ వచ్చింది. 'ఒక్కసారి చూడు. నచ్చకపోతే పాత కాపీ మొత్తం నీ దగ్గరనే ఉంది.' కింద టెస్ట్ సైట్ లింక్.

చూడకూడదు అనుకుంటూనే తెరిచింది. ప్రతి మాట కిందా పేరుంది. పేర్లు చూపించే లైన్‌ను సాఫ్ట్‌వేర్ సొంత ఫైల్లోంచి తీసి, పక్కన విడిగా తగిలించే చిన్న ప్లగిన్‌గా పెట్టాడు. ఇక ముందు ఎన్ని అప్‌డేట్లు వచ్చినా ఆ ప్లగిన్ జోలికి రావు. గిట్‌లో అతను రాసిన లైన్లు వరసగా చదువుతూ వచ్చింది. అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఆఖరిది మాత్రం తెలుగులో ఉంది.

'చెపినవారి పేరు వాపస్ పెటిన. అడగకుండ తిసిన, తపు నాది.'

వొత్తులన్నీ ఎగిరిపోయాయి, ఒక దీర్ఘం కూడా. రుతుజ ఆ లైన్ మూడుసార్లు చదివింది. తర్వాత, 'ఆదివారం పదింటికి రా,' అని రాసింది.

నెలాఖరుకి ఇంకా రెండు రోజులుంది. బయట వాన దంచుతోంది. మంగేష్ సగం తడిసి వచ్చాడు. రుతుజ టవల్ ఇచ్చింది, పాత గొడవ ఎత్తలేదు. డేటాబేస్ కాపీ తీశారు, ల్యాప్‌టాప్‌లో తెరిచి సరిచూశారు. సైట్‌ను అరగంట మూసి, కొత్త కొమ్మను అసలు చోట పెట్టారు. 

"డేటాబేస్ అప్‌డేట్ చెయ్యాలె. నువ్వే నొక్కు," అన్నాడు.

రుతుజ నొక్కింది. పేజీ తెల్లగా అయి, కాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె చెయ్యి తెలియకుండానే అతని చొక్కా చేతిని పట్టుకుంది. పేజీ తెరుచుకుంది. ఆమె మాటలు చదువుతుంటే, అతను కింద పేర్లు కూడబలుక్కున్నాడు. ఎల్లయ్య, లచ్చమ్మ, రత్నాబాయి, వెంకటమ్మ. మూడు వందల పన్నెండు మాటలు. పేర్లు చదవడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

"రుతుజా, ఒకటి అడగాలె," అన్నాడు.

"అడుగు. ఈసారి అడుగుతున్నవ్, మంచిదే."

"నువ్వంటే ఇష్టం నాకు. పని అయిపోయినంక గూడ రావాలని ఉంది. రావొచ్చా?"

"మా నాయిన ఇక్కడనే ఉన్నడు."

"నాకేం వినిపిస్తలేదు," అన్నాడు శంకర్రావు పేపర్ వెనక నుంచి. పేజీ తిప్పాడు. "పిల్లగాడు పొద్దటిసంది ఏం తినలే. కిందికి తోలుకపోయి చాయ్ తాపియ్యి. ఇంట్ల పాలు లేవు."

వంటగట్టు మీద గిన్నె నిండా పాలున్నాయి. రుతుజ అటు చూసి, గొడుగు తీసుకుంది.

ఫాక్‌లాండ్ రోడ్ వైపు మలుపు దాకా నడిచారు. ఒకటే గొడుగు. ఇద్దరి బయటి భుజాలూ తడుస్తున్నాయి.

"ఆ ఐదు రోజులు నీ మీద కోపమే ఉండె," అంది రుతుజ నెమ్మదిగా. "కోపం ఉంటే మనిషి గుర్తుకు రావొద్దు గదా. నువ్వు రోజూ గుర్తుకు వచ్చినవ్. అప్పుడే తెలిసింది, నాకు గూడ ఇష్టమేనని."

మంగేష్ నడక ఆపేశాడు. ఆమె కూడా ఆగింది, గొడుగు ఒక్కటే కాబట్టి.

"ఏమన్న అను మరి," అంది.

"ఒక్క నిమిషం ఆగు," అన్నాడు. "ఇంకోసారి చెప్పు."

రుతుజ చెప్పింది.