ఎర్ర బండికి పగ్గం లేదు

రెండు రోజులుగా డ్రైవరు లేకుండా నడిచే బెజవాడ బళ్ళన్నిటినీ కట్టిపడేసింది వరద కాదు. దారి మండలిలో పొడిబట్టలతో కూర్చున్న మీరే. వాన నిన్న పొద్దున్నే తెరిపిచ్చింది. రోడ్డు మీద నీళ్ళు చీలమండ దాటవు. అయినా నిలుపు ఆజ్ఞ ఎత్తడానికి మీలో ఒక్కరికీ చెయ్యి రాలేదు. ఎత్తాక ఎక్కడైనా ఒక బండి జారితే సంతకం ఎవరిదని అడుగుతారని భయం.

ఆటోనగర్ షెడ్డులో సలోమి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. "సెల్ఫ్ కొట్టరా" అంది.

ఎలక్ట్రీషియన్ బాజీ కొట్టాడు. కార్బొరేటర్ నోట్లోంచి ఢామ్మని మంట లేచింది.

నూరేళ్ళ కిందటి ఎర్ర అమెరికా బండి అది. ఎనిమిది సిలిండర్లు, పడవంత ముక్కు. మూడేళ్ళుగా ఆదివారాలన్నీ ముగ్గురు స్నేహితులూ దానికే పోశారు. వాల్వులు లేత్ మీద తీసింది వీరాస్వామి, వైరింగు బాజీది, ఇంజను సలోమిది. చెరకు స్పిరిట్‌తో నడిచేలా మార్చుకున్నారు. 'జ్ఞాపక యంత్రం' అని, పాతకాలపు గుర్తుగా ఉంచుకోవచ్చని మండలి రాసిచ్చింది. కదిలే ముందు పగ్గం, అంటే బండిని మండలి ఆజ్ఞలకు లోబరిచే పెట్టె, బిగించాలి, అదీ షరతు.

వెనక సీట్లో వీరాస్వామి భార్య ఆదిలక్ష్మి ఉంది. డయాలసిస్ తప్పి రెండు రోజులు. కాళ్ళు ఉబ్బాయి, మాటకు ఊపిరి చాలడం లేదు. నిన్న తోపుడు బండి మీద కూర్చోబెట్టి బయల్దేరితే, ఆగిపోయిన బళ్ళ మధ్య సందు దొరక్క వెనక్కొచ్చారు. ఆసుపత్రి ఆరు కిలోమీటర్లు.

సలోమి వైర్లు చూసింది. "నంబర్లు ఎట్టా వేశావురా?"

ఎడమ పక్క వరసగా ఒకటి నుంచి నాలుగు, కుడి పక్క అయిదు నుంచి ఎనిమిది అన్నాడు బాజీ. నలభై ఏళ్ళు లారీల మీద బతికిన చెయ్యి. రెండు లారీ ఇంజన్లు పక్కపక్కన పెట్టినట్టు లెక్కేశాడు.

"ఇటొకటి, అటొకటిరా నాయనా. పల్లకీ మోసేవాళ్ళని లెక్కపెట్టినట్టు."

"నన్నెవరు మోశారక్కా పల్లకీలో, తెలియడానికి?" అంటూనే వైర్లు పీకి మార్చాడు. వీరాస్వామి భార్య నుదురు తుడుస్తూనే ఉన్నాడు.

ఈసారి ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి.

ఆ చప్పుడుకే మండలి తనిఖీదారు మురహరి నడిచొచ్చాడు, చేతిలో పగ్గం పెట్టెతో. బిగించనిదే గేటు దాటకూడదన్నాడు. బిగిస్తే నిలుపు ఆజ్ఞ దీనికీ పడుతుంది, ఇంజను అక్కడే చస్తుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. బిగించకుండా దాటితే బండి తుక్కు ప్రెస్సుకు, సలోమి జైలుకు. వెనక సీట్లోకి చూసి తల తిప్పుకుని, "రూలమ్మా, నేనేం చేసేది" అన్నాడు.

సలోమి తొమ్మిదేళ్ళు పగ్గాలు బిగించిన మనిషి. లోపలేముందో ఆమెకు తెలుసు. అన్ని ఆజ్ఞలకూ అడుగున పక్కకు తప్పుకునే ఆజ్ఞ ఒకటి ఉంటుంది. నడిచే మనిషికి బళ్ళు కదలవు గానీ, పగ్గం లేని ఇనుము దూసుకొస్తే పక్కకు జరిగి తీరాలి. అదీ దాని వేగం నలభై దాటితేనే. అది కాగితం మీది సంగతి. ఆగిన బళ్ళ మీద ఎవరూ ప్రయత్నించి చూడలేదు.

"స్వామన్నా, వదినని గట్టిగా పట్టుకో" అంది. బాజీ ముందు సీట్లోకి ఎక్కగానే గేరు వేసింది. మురహరి పక్కకు దూకాడు.

బందరు రోడ్డు నిండా బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ముప్పై. ముప్పై అయిదు. ఎదురుగా సరుకుల బండి వెనుక భాగం గోడలా పెరుగుతోంది. బ్రేకు మీదికి పోబోయిన కాలిని సలోమి బలవంతాన ఆపుకుంది. నలభై రెండు.

సరుకుల బండి జరిగింది. దాని పక్కది జరిగింది. ఆ వెనక వందలు జరిగాయి, దువ్వెన పెట్టినట్టు. రెండు రోజులుగా కదలవని ఒట్టేసిన బళ్ళు. బళ్ళ లోపలా రోడ్డు గట్టు మీదా ఉన్న జనం లేచి నిలబడ్డారు.

డాష్‌బోర్డు మీద పెట్టిన బాజీ ఫోనులోంచి మండలి గొంతు పలికింది. వాహనం ఆపమంది, పగ్గం లేని యంత్రం నేరమంది.

సలోమి వేగం తగ్గించలేదు.

"కదులుతాయిగా మీ బళ్ళు? మరి ఇందాకటిదాకా ఎవరి కోసం ఆపారు? సంతకానికి మనిషి లేకపోతే నా పేరు రాసుకోండి, కొలకలూరి సలోమి. రోగులున్న ప్రతి బండినీ వదలండి. నేను ఆసుపత్రి గేటు చేరేలోపు వదలండి."