అట్టపెట్టెలో రేసు సైకిల్

1986, మే నెల. కాల్గరీలో నది వెంట సాగే సైకిల్ బాట మీద గూఢచారి సంస్థ రహస్యాలు మోసే కొరియర్ చచ్చిపడి ఉన్నాడు. మణికట్టు మీద చిన్న సూది గాటు తప్ప ఒంటి మీద ఇంకే గుర్తూ లేదు.

మధ్యాహ్నానికల్లా అతని పని ఏజెంట్ గార్నెట్ హోల్మ్ నెత్తిన పడింది.

"మైక్రోఫిల్మ్ సీటు గొట్టంలో ఉంది," అంది చీఫ్ ఎడ్నా ప్రూయిట్, సైకిల్ పెడళ్లు విప్పుతూ. "మనం వెంటాడుతున్న ముఠాలో ఉంటూ మనకి వార్తలందిస్తున్న పదిహేడు మంది పేర్లు. హాలిఫాక్స్ చేరిస్తే మనవాళ్లు వాళ్లని తప్పిస్తారు. ముఠాకి దొరికితే పదిహేడు శవాలు."

"టెలెక్స్ కొట్టకూడదా?"

"ముఠావాళ్లు అన్నీ వింటున్నారు. నువ్వు రేసుకి వెళ్తున్న సైక్లిస్టువి. కాళ్ల మీద వెంట్రుకలు గీసుకో."

"అది కూడానా, చీఫ్?"

"అది ముఖ్యం. రేసు సైక్లిస్టులంతా గీసుకుంటారు."

హ్యాండిల్ పక్కకి తిప్పి, ముందు చక్రం ఊడదీసి, టైర్లలో గాలి తీసి, గొట్టాలకి స్పంజి చుట్టి, అంతా పొడవాటి అట్టపెట్టెలో దూర్చారు. ఎయిర్‌పోర్టులో ఆ పెట్టె రబ్బరు పరదాల వెనక మాయమయ్యేదాకా గార్నెట్ చూస్తూ నిలబడ్డాడు. పదేళ్ల సర్వీసులో ఏ రహస్యాన్నీ అతను ఇలా చేతులారా వదిలిపెట్టలేదు. మిగిలింది జేబులో రెండంగుళాల లగేజీ చీటీ.

టొరంటోలో విమానం మారాక పక్క సీట్లో ఎర్ర కోటు యువతి కూర్చుంది.

"హాలిఫాక్స్‌లో ఎదురుగాలి ఎక్కువట," అంది.

అది కోడ్. "నాకు ఎత్తులంటేనే భయం," అన్నాడు గార్నెట్. తోడు వస్తుందని చీఫ్ చెప్పిన ఏజెంట్ సొలాంజ్ ఈమే. కాసేపటికి ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. గార్నెట్ కదల్లేదు. నిజానికి అతనికది బాగానే ఉంది. కాసేపటికి తనకీ కునుకు పట్టింది.

విమానం ఆగాక చూసుకుంటే చీటీ లేదు. సొలాంజ్ కూడా లేదు. తమ జీతం తీసుకుంటూనే ఆమె అవతలివాళ్లకి పని చేస్తోందని అప్పుడర్థమైంది. నడవలో ముప్పై మంది తాపీగా సామాన్లు దించుకుంటున్నారు.

"కాస్త దారివ్వండి, అర్జెంటు."

"అందరం దిగాల్సిన వాళ్లమే బాబూ," అందో పెద్దావిడ.

పెద్ద సామాన్ల కౌంటర్ దగ్గర సొలాంజ్ వరసలో నిలబడి ఉంది. అతను పరుగున చేరగానే ఆమె అతని చెయ్యి పట్టుకుని, లిప్‌స్టిక్ గొట్టం మణికట్టుకి ఆనించింది.

"ఇందులో సూది ఉంది. కొరియర్‌కి నాలుగు సెకన్లు పట్టింది," అంది నవ్వు చెదరకుండా. "నా మనుషులు బయట కార్లో ఉన్నారు. ఆరింటికి పడవ. అప్పటిదాకా నా మొగుడిలా నిలబడు."

నిలబడ్డాడు. అరిస్తే తను చస్తాడు, పెట్టె ఆమె చేతికే వెళ్తుంది. ఊరుకున్నా అంతే. గోడ గడియారం అయిదుంపావు చూపిస్తోంది.

కౌంటర్ ఉద్యోగిని మేవిస్ చీటీ అందుకుని కళ్లద్దాలు సర్దుకుంది.

"సైకిలా తల్లీ? టొరంటోలోనే ఉండిపోయింది. మీరొచ్చింది చిన్న విమానం, పెట్టె పట్టలేదు. రేపొద్దున వస్తుంది."

"నాకిప్పుడే కావాలి."

"నాకూ సెలవు ఇప్పుడే కావాలి. ఈ ఫారం నింపు. ఏ అడ్రసుకి పంపమంటావు?"

సొలాంజ్ పెన్ను అందుకోలేదు. సూది మొన గార్నెట్ చర్మాన్ని గుచ్చబోతూ ఆగింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగు దాటినా ఊపిరి ఆడుతూనే ఉంది.

కళ్లు తెరిచేసరికి ఆమె బయటి తలుపు వైపు చూస్తోంది.

"ఉత్త చేతులతో వెళ్తే నన్ను బతకనివ్వరు," అంది గొణుగుతున్నట్టు. "రేపటిదాకా ఆగరు వాళ్లు." లిప్‌స్టిక్‌ని ఫారం మీద పెట్టింది. "నన్ను అరెస్ట్ చెయ్యి. వాళ్లు లోపలికి రాకముందే."

మేవిస్ పోలీసుల్ని పిలిచింది. సొలాంజ్ చెప్పిన గుర్తులతో కారు ఎయిర్‌పోర్టు ముందే దొరికింది, పడవ రేవులో దొరికింది. పెట్టె మర్నాడు వచ్చింది, ఒక మూల చితికి, లోపల వెనక చక్రం వంకరపోయి. ఫిల్మ్ భద్రంగా ఉంది. వారం తిరక్కుండా పదిహేడు మందీ ఒడ్డున పడ్డారు.

రిపోర్టులో 'కుట్రను భగ్నం చేయడానికి అధికారి తీసుకున్న చర్య' అనే గడి ముందు గార్నెట్ చాలాసేపు కూర్చున్నాడు. చివరికి రాశాడు: "క్యూలో నిలబడ్డాను."