సొరంగం దారిలో పిలుపు

ఆ ఊళ్లో రైలు పట్టాల కింద ఒక సొరంగం దారి ఉంది. అటువైపు బజారు, ఇటువైపు హోటళ్లు. పొద్దుగూకితే అందులోకి ఎవరూ దిగరు. చుట్టూ తిరిగైనా వస్తారు గానీ... దిగరు. దిగితే వెనక నుంచి ఏదో పిలుస్తుందట — మన ఇంట్లోవాళ్ల గొంతుతోనే! పలికామో, అంతే సంగతులు. హోటల్ కౌంటర్ దగ్గర కూర్చునే ఆయన, సెలవులకి ఆ ఊరు చూడ్డానికి వెళ్లిన మా అక్కకీ బావకీ మొదటిరోజే ఈ మాట చెవిన వేశాడు.

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. ఏడాదంతా కంటికి అద్దం తగిలించుకుని, నడుం వంచి కూర్చునే మనిషి. సెలవు దొరికిందా, కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టే. అక్కకేమో మోకాలు పట్టేసి గదిలోనే ఉండిపోయింది. అయినా ఆఖరి రోజు పొద్దున్నే చెప్పులు తొడుక్కుంది.

"ఇవాళ నేనూ వస్తానండీ. మెల్లగా నడుస్తూ చూద్దాం."

మెల్లగానా! ఈయన ప్రాణం ఉసూరుమంది. "ముందు నీ మోకాలికి మందు తెస్తానుండు, ఐదే నిమిషాలు," అని బయటపడ్డాడు మహానుభావుడు. మందుల షాపు దాటేశాడు. ఫోను నోరు కూడా నొక్కేశాడు.

ఆ రోజు ఆయన తిరగని వీధి లేదు. పాత పుస్తకాల సందు, కుర్చీలు అల్లే వీధి, నది మీద ఇనుప వంతెన... ఏది చూసినా బాగుందనిపించడం, వెంటనే అక్క మొహం గుర్తుకు రావడం. "వంతెన మీద ఐస్‌క్రీం కొనుక్కున్నానే, గొంతు దిగలేదు," అని తనే చెప్పాడు నాతో. దిగకపోతే గదికి రావచ్చుగా? రాలేదు!

వీధి దీపాలు వెలిగే వేళకి సొరంగం మెట్ల దగ్గరికొచ్చాడు. చుట్టూ తిరిగితే ఇంకా ఆలస్యం. దిగాడు.

లోపల ఒక్కటే బల్బు. గోడల వెంట నీళ్లు కారుతున్నాయి. సగం దూరం వెళ్లాడో లేదో — వెనక అడుగుల చప్పుడు. ఒక అడుగు పడుతోంది... ఇంకో అడుగు ఈడుస్తోంది. ఈయన ఆగాడు. అదీ ఆగింది.

"ఏమండీ..."

అచ్చం అక్క గొంతే.

తిరిగి చూడలేదు. పలకలేదు.

"ఏమండీ... ఆగండి..."

ఇంకేముంది, పరుగు లంకించుకున్నాడు! అవతలి మెట్లెక్కి, రోడ్డు మీద పడి, రొప్పుతూ నిలబడ్డాడు. అప్పుడు కింద ధబ్బుమని చప్పుడు... "అమ్మా!" అని కేక. ఆ తర్వాత ఏమీ లేదు.

హోటల్ ఎదురుగానే ఉంది. వెళ్లిపోవచ్చు. మెల్లగా... మళ్లీ దిగాడు.

గోడకి ఆనుకుని కూర్చుని ఉంది — అక్క. నిజంగా అక్కే. మధ్యాహ్నం నుంచీ కుంటుకుంటూ బజారంతా వెతికి, చివరికి దూరం నుంచి ఆయన వీపు చూసి వెంటపడిందట.

"ఏంటండీ ఆ పరుగు?" అంది మోకాలు పట్టుకుని. "దెయ్యమనుకున్నారా?"

అవునంటే సరిపోయేది. అక్క నవ్వేసేది కూడా. ఇంటికొచ్చాక మేమందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. ఈయన నోరు తెరిచాడు... అబద్ధం రాలేదు.

"కాదే. నువ్వేనని తెలుసు... నీకంటే ముందు గదికి చేరి, ఎప్పుడో వచ్చానని చెబుదామని..."

పైన రైలు పోయింది, గోడలన్నీ అదిరాయి. తర్వాత అక్క చెయ్యి చాచింది.

"లేపండి."

లేపాడు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ, ఆయన భుజం పట్టుకుని ఎక్కుతూ, మెల్లగా అడిగింది —

"బాగుందా ఊరు?"

మా బావ ఆ మెట్ల మీదే కూలబడి వలవలా ఏడ్చేశాడు.